ఆపరేషన్ అన్నారు. ఇంకొకరిని అడగాలి. ఎవరిని?

పోయిన వానాకాలం మా తమ్ముడు యూటర్న్ దగ్గర ఇసుక మీద బండి జారి పడ్డాడు. చూడ్డానికి పెద్ద దెబ్బేం కాదు. మోచెయ్యి గీసుకుపోయింది, ప్యాంటు చిరిగింది. కానీ పడేటప్పుడు కుడి మోకాల్లో 'టప్'మని ఏదో తెగినట్టు వినపడిందన్నాడు. సాయంత్రానికి మోకాలు కొబ్బరిబోండంలా వాచింది. దగ్గర్లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్తే ఎమ్మారై తీశారు. డాక్టర్ గారు నాలుగు నిమిషాలు మాట్లాడి "ఏసీఎల్ తెగింది, మెనిస్కస్ కూడా దెబ్బతింది, ఆపరేషన్ చేయాలి" అన్నారు. ఏసీఎల్ అంటే మోకాల్లో తొడ ఎముకనీ కింది ఎముకనీ పట్టి ఉంచే తాడు లాంటిది, మెనిస్కస్ అంటే ఆ రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండేది. ఆయన గదిలోంచి మేము బయటికొచ్చేసరికి కౌన్సెలర్ అమ్మాయి ఎస్టిమేట్ కాగితంతో రెడీగా ఉంది. "ఎల్లుండి పొద్దున స్లాట్ ఉందండీ. ఇన్సూరెన్సా, క్యాషా?"

ఇన్సూరెన్స్ అని చెప్పి ఇంటికొచ్చాం. అసలు టెన్షన్ అక్కడ మొదలైంది. అమ్మ "ఇంకొకరికి చూపిద్దాంరా" అంది. సరే, ఎవరికి? మేనమామ ఒక పేరు చెప్పాడు, ఆఫీసువాళ్లు ఇంకో పేరు. పక్క ఫ్లాట్ ఆయన పుత్తూరు కట్టు అన్నాడు. డల్లాస్ నుంచి వదిన వాళ్లన్నయ్య ఫిల్మ్ ఫోటో తీసి వాట్సాప్ చేయమన్నాడు. అప్పుడు మేము తిరిగినదీ, తర్వాత బంధువుల్లో ఇద్దరు ముగ్గురి కోసం తిరిగినదీ కలిపి ఇది రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాదు, ఫైలు చంకన పెట్టుకుని ఓపీల్లో కూర్చున్నవాణ్ణి.

ముందు టైం ఉందో లేదో చూసుకోండి

కొన్ని దెబ్బలకి సెకండ్ ఒపీనియన్ అంటూ తిరగడమే ప్రమాదం. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చినా, దెబ్బ తగిలిన చోటు నుంచి కిందికి కాలో చెయ్యో చల్లబడి రంగు మారినా ఆగకూడదు. కట్టు కట్టాక నొప్పి తగ్గకపోగా గంట గంటకీ పెరుగుతూ, వేళ్లు కాస్త చాపితేనే ప్రాణం పోయినట్టుంటే అది కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ కావచ్చు. లోపల ఒత్తిడి పెరిగి కండకి రక్తం అందదు, కొన్ని గంటల్లోనే కండ చచ్చిపోతుంది. నడుం దెబ్బ తర్వాత మూత్రం ఆగిపోవడం, తెలియకుండా పోవడం, తొడల మధ్య స్పర్శ పోవడం కూడా అలాంటివే. తలకి దెబ్బ తగిలి వాంతులు, మగత ఉంటే చెప్పక్కర్లేదు. వీటన్నిటికీ ఉన్న చోటే వైద్యం మొదలుపెట్టించాలి, లేదంటే అక్కడివాళ్లు పంపిన చోటికి నేరుగా వెళ్లాలి.

పెద్దవాళ్ల తుంటి ఎముక విరిగితే సంగతి కాస్త వేరు. మంచం మీద ఉండే ప్రతి రోజూ నిమ్ము, పుండ్లు, రక్తం గడ్డకట్టడం లాంటివి వెంటపడతాయి కాబట్టి ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ అయిపోతే మంచిదంటారు. అక్కడ రెండో మాట తీసుకోవచ్చు గానీ అదే రోజు, ఫోన్ మీద, ఎక్స్‌రే పంపించి తీసుకోవాలి. మణికట్టు, మడమ లాంటి చోట్ల ఎముక పక్కకి జరిగి ఉంటే వారం పది రోజుల్లో తేల్చుకోవాలి. ఆలస్యమైతే అది వంకరగానే అతుక్కోవడం మొదలుపెడుతుంది. మోకాలు సగంలో ఇరుక్కుపోయి ఎంత ప్రయత్నించినా చాపలేకపోతుంటే అదీ వాయిదా వేసే కేసు కాదు.

మిగతావాటికి, అంటే ఏసీఎల్, మామూలు మెనిస్కస్, భుజం బెణుకు, కాళ్లలో బలం తగ్గని డిస్క్ నొప్పి, వీటికి చాలావరకు టైం ఉంటుంది. అనుమానంగా ఉంటే మొదటి డాక్టర్నే అడగండి: "రెండు వారాలు ఆగితే ఏమన్నా చెడిపోతుందా?" చెడిపోతుందంటే ఏం చెడిపోతుందో ఆయన ఒక్క వాక్యంలో చెప్పగలరు. "స్లాట్ పోతుంది" అనేది థియేటర్ వాళ్ల ఇబ్బంది, మీ మోకాలిది కాదు.

అనుమానం దేని మీద?

సెకండ్ ఒపీనియన్ అనేది ఎక్కడ కొన్నా ఒకటే సరుకు అనుకుని బయల్దేరతాం. మేమూ అలాగే బయల్దేరాం. రెండో రోజు ఒక పెద్దాయన ఓపీ క్యూలో అడిగాడు, "మీకు ఏం తెలియాలి బాబూ?" అని. ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది ఆ ప్రశ్నకి మీరిచ్చే జవాబు మీదే ఉంటుంది.

ఎమ్మారైలో చెప్పినదే నిజమా అన్నది మీ అనుమానమైతే, చిత్రాలు మళ్లీ చదివే మనిషి కావాలి, మోకాలు పట్టి చూసే మనిషి కావాలి. ఆపరేషన్ అవసరమా అన్నదైతే, మీరు "సరే" అన్నా "వద్దు" అన్నా ఒక్క రూపాయి తేడా రాని మనిషి కావాలి. ఆపరేషన్ ఖాయం, పద్ధతి మీద అనుమానం అంటే ఆ ఒక్క కీలు మీదే పనిచేసే స్పెషలిస్టు కావాలి. ఇక డబ్బు ఎక్కువ చెప్పారన్నదే అసలు బాధ అనుకోండి, అది వైద్య సలహా కాదు, రేటు కనుక్కోవడం. తప్పేం లేదు, కానీ ఈ రెండిటినీ కలిపేస్తాం. ఎస్టిమేట్ కాగితం పట్టుకుని ఇంకో ఆసుపత్రికి వెళ్తాం, వాళ్లు నలభై వేలు తక్కువ చెప్తారు, సెకండ్ ఒపీనియన్ అయిపోయిందని సంతోషంగా వస్తాం. ఆపరేషన్ కావాలా వద్దా అన్నది అక్కడ ఎవరూ మాట్లాడలేదు.

స్వతంత్రం అనే మాటకి నా లెక్క ఇది: మొదటి డాక్టర్ పంపిన మనిషి కాకూడదు, అదే ఆసుపత్రి గానీ అదే గ్రూపు గానీ కాకూడదు, మొదటి ఆయన ఏమన్నారో వినకముందే చిత్రాలు చూడగలగాలి. మూడూ దొరకడం కష్టం. రెండు దొరికినా సంతోషించొచ్చు.

ఎవరి దగ్గర ఏం దొరుకుతుంది

*ఇంకో కార్పొరేట్ ఆసుపత్రి.* అందరికీ ముందు తట్టేది ఇదే. సుఖంగా ఉంటుంది, ఆ రోజే అపాయింట్‌మెంట్ దొరుకుతుంది. మోకాలికి ఒకరు, భుజానికి ఒకరు, చేతికి ఒకరు, వెన్నెముకకి ఒకరు విడివిడిగా ఉంటారు. పద్ధతి మీద అనుమానానికి ఇంతకంటే మంచి చోటు లేదు. కానీ అవసరమా కాదా అన్న ప్రశ్నకి ఇక్కడి జవాబు కాస్త తూకం తగ్గించి వినాలి, ఎందుకంటే ఇక్కడా డాక్టర్ గది పక్కనే కౌన్సెలర్ గది ఉంది. నేను చేసే పని ఒకటి ఉంది. కూర్చోగానే "సార్, చేయించుకుంటే మా ఊళ్లోనే చేయించుకుంటాం, మీ అభిప్రాయం కోసమే వచ్చాం" అని చెప్పేస్తాను. ఆ మాట విన్నాక కూడా పది నిమిషాలు కేటాయించే డాక్టర్లు ఉన్నారు. మాకు అలాంటి ఒకరు దొరికారు. విన్నాక గడియారం చూసుకున్నవాళ్లూ దొరికారు. 'ఉచిత సెకండ్ ఒపీనియన్' క్యాంపుల సంగతి మీకు తెలిసిందే. ఆ ఉచితం ఎక్కడో వసూలవుతుంది.

*అదే ఆసుపత్రిలో ఇంకో డాక్టర్.* మొదటి ఆయన చెప్పింది అర్థం కాకపోతే ఇది చాలు. అంతకుమించి ఆశించకండి. పక్క గది ఆయన మాట కాదనడం ఎవరికైనా ఇబ్బందే.

*ఊళ్లో సొంత క్లినిక్ ఉన్న ఎముకల డాక్టర్.* ఒంగోలు, కరీంనగర్, కాకినాడ లాంటి ప్రతి ఊళ్లోనూ ముప్పై నలభై ఏళ్లుగా కట్లు కడుతున్న ఒక డాక్టర్ గారు ఉంటారు. ఫీజు కొన్ని వందలు. చేత్తో పట్టి చూస్తారు, తెలుగులో చెప్తారు, ముసలమ్మని "కింద కూర్చుంటావా, బాత్రూం ఏ రకం?" అని అడుగుతారు. ఈ చివరి ప్రశ్న రిపోర్టులో ఎక్కడా ఉండదు గానీ మోకాలి వైద్యం చాలాసార్లు దాని మీదే తేలుతుంది. మెడికల్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేసి రిటైరైన వాళ్లు దొరికితే మీ అదృష్టం. గమనించాల్సింది ఒకటే: ఆయన కూడా ఏదో నర్సింగ్ హోంలో ఆపరేషన్లు చేస్తుండొచ్చు. అడగండి, దాచిపెట్టరు. ఇంకొకటి, మీ ఆర్ఎంపీ గారు బండి ఎక్కించుకుని మరీ తీసుకెళ్లే డాక్టర్ మీ సెకండ్ ఒపీనియన్ కాకూడదు. పేషెంట్‌ని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, తీసుకోవడం తప్పని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే రాసి ఉంది. రాసి ఉందంటేనే జరుగుతోందని అర్థం.

*ప్రభుత్వ బోధనాసుపత్రి.* హైదరాబాద్‌లో నిమ్స్, గాంధీ, ఉస్మానియా. విశాఖలో కేజీహెచ్, గుంటూరులో జీజీహెచ్, మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లు. తిరుపతిలో టీటీడీ వాళ్ల బర్డ్ ఆసుపత్రి ప్రత్యేకంగా ఎముకలు, కీళ్లకే. నిమ్స్ కూడా 1964లో మొదలైనప్పుడు నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రే. ఇక్కడి డాక్టర్‌కి జీతం వస్తుంది, మీరు ఆపరేషన్‌కి ఒప్పుకున్నారా లేదా అన్నది ఆ జీతాన్ని మార్చదు. యాక్సిడెంట్ కేసులు రోజూ చూసి చూసి చెయ్యి తిరిగినవాళ్లు. పీజీ విద్యార్థులు ముందు చూస్తారు, తర్వాత అసిస్టెంట్, తర్వాత పెద్దాయన. మా తమ్ముడి మోకాలు మీద మా ముందే ముగ్గురు వాదించుకున్నారు. పీజీ కుర్రాడు రిపోర్టు చదవబోతే ప్రొఫెసర్ ఆపి "రిపోర్టు పక్కన పెట్టు, ఫిల్మ్‌లో నీకేం కనపడుతోందో చెప్పు" అన్నారు. డబ్బు పెట్టినా అలాంటి సెకండ్ ఒపీనియన్ దొరకదు.

కష్టం కూడా మామూలుగా ఉండదు. పొద్దున్నే ఓపీ చీటీ క్యూ, మధ్యాహ్నం దాకా నిలబడటం, విరిగిన కాలుతో అయితే నరకమే. ఆర్థోలో యూనిట్లు ఉంటాయి, ఒక్కో యూనిట్‌కి ఒక్కో రోజు ఓపీ. ముందు రోజు వెళ్లో ఫోన్ చేసో పెద్ద డాక్టర్ ఏ రోజు చూస్తారో కనుక్కోండి, సగం తిప్పలు తప్పుతాయి. ఎయిమ్స్‌లకి ఆన్‌లైన్‌లో ముందే ఓపీ అపాయింట్‌మెంట్ తీసుకోవచ్చు. ఇంకో రెండు సంగతులు. థియేటర్ లిస్టు నిండా ఉండే చోట "ఆగి చూద్దాం" అనే మొగ్గు ఉంటుందని నా అనుమానం. ప్రైవేటులో తూకం ఒకవైపు వంగితే ఇక్కడ రెండోవైపు వంగొచ్చు. అలాగే పొద్దున చూసిన డాక్టరే "సాయంత్రం నా క్లినిక్‌కి రండి, వివరంగా మాట్లాడదాం" అంటే, మీరు ఎక్కడి నుంచి బయల్దేరారో మళ్లీ అక్కడికే వచ్చినట్టు.

*వీడియో కాల్, విదేశాల్లో చుట్టాలు.* మన దగ్గర టెలిమెడిసిన్‌కి 2020 మార్చిలో కేంద్రం నియమాలు పెట్టింది, ఈసంజీవని లాంటి ప్రభుత్వ సేవ ఉచితంగానే ఉంది. చిత్రాలు చదివించుకోవడానికి, ఏం అడగాలో తెలుసుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది. మోకాలు వదులుగా ఉందో లేదో మాత్రం స్క్రీన్‌లోంచి తెలీదు. డల్లాస్ బావగారు మంచివారే. ఆయన రిపోర్టులో ప్రతి మాటా అర్థమయ్యేలా చెప్పారు, అది మాకు చాలా ఉపయోగపడింది. కానీ ఆయన మత్తు డాక్టర్. మోకాలి ఆపరేషన్ కావాలా వద్దా అని ఆయన్ని అడగడం, పొలం గట్టు తగాదాకి ఇన్‌కంటాక్స్ లాయర్‌ని అడిగినట్టే. ఆయనే ఆ మాట అన్నారు, నాది కాదు.

*రేడియాలజిస్టుతో మళ్లీ చదివించడం.* చాలామందికి ఇది తట్టదు. ఎమ్మారై మళ్లీ తీయించనక్కర్లేదు, తీసిన చిత్రాలనే ఎముకలు, కీళ్ల మీద పట్టున్న ఇంకో రేడియాలజిస్టుకి ఇవ్వొచ్చు. మా తమ్ముడి రిపోర్టులో 'మెనిస్కస్ గ్రేడ్ 2' అని ఉంది. దాన్నే ఆసుపత్రిలో 'దెబ్బతింది' అన్నారు. తర్వాత తెలిసిందేంటంటే గ్రేడ్ 1, 2 అంటే లోపల రంగు తేడా కనపడటం, ఆ గీత పైదాకా వచ్చి తెరుచుకుంటేనే గ్రేడ్ 3, అసలు చినుగు అదే. మూడు రోజులు మేము ఆ అంకెకి భయపడ్డాం.

*ఫిజియోథెరపిస్టు.* జబ్బేంటో తేల్చడానికి కాదు, ఆగితే కాలు ఎంతవరకు తెరిపిన పడుతుందో అంచనాకి. ఆయనకీ సెషన్ల లెక్క ఉంటుందని గుర్తుపెట్టుకుని వినండి.

*పుత్తూరు కట్టు.* దీని గురించి రాయకపోతే మనవాళ్లకి రాసినట్టు కాదు. పసరు, గుడ్డుసొన, వెదురు బద్దలతో తరాలుగా కడుతున్నారు, బాగయినవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనపడతారు. విరిగినా పక్కకి జరగని ఎముకని కదలకుండా ఉంచితే చాలావరకు అతుక్కుంటుంది, ఆ కదలకుండా ఉంచే పని ఏ కట్టయినా చేస్తుంది. కానీ తెగిన ఏసీఎల్‌ని బద్ద అతికించలేదు. కీలు లోపలిదాకా ఎముక విరగడం, చర్మం తెగిన గాయం, పిల్లల మోచెయ్యి విరగడం, ఈ మూడిటికీ నాటు కట్టు జోలికి పోకండి. మోచేతి దగ్గర బిగుతు కట్టు వల్ల రక్తం ఆగి పిల్లల వేళ్లు శాశ్వతంగా ముడుచుకుపోయిన కేసులు మన ఎముకల డాక్టర్లందరికీ తెలుసు. కట్టు కావాలా వద్దా అన్నది మీ ఇష్టం. దాన్ని సెకండ్ ఒపీనియన్ అని మాత్రం అనను, ఎందుకంటే అక్కడికి వెళ్తే వచ్చేది అభిప్రాయం కాదు, కట్టే.

నన్నడిగితే, చెయ్యో కాలో అయితే ముందు బోధనాసుపత్రి, ఓపిక లేకపోతే పెద్దవయసు సొంత క్లినిక్ డాక్టర్. ఆపరేషన్ ఖాయమని తేలాకే కార్పొరేట్ స్పెషలిస్టు. వెన్నెముక అయితే ఒక ఆర్థో, ఒక న్యూరోసర్జన్, ఇద్దరినీ అడుగుతాను. చేతి వేళ్లు, నరాలు తెగితే మామూలు ఆర్థో కంటే చేతి సర్జరీ చేసేవాళ్లు, లేదా ప్లాస్టిక్ సర్జన్. పిల్లల ఎముక అయితే పిల్లల ఆర్థో కోసం ఎంత దూరమైనా వెళ్తాను. పెరిగే ఎముక చివర దెబ్బ తగిలితే తేడా ఏళ్ల తర్వాత గానీ బయటపడదు.

కాగితాలు, మొహమాటం

మనకి రెండో డాక్టర్‌ని వెతకడం కంటే మొదటి డాక్టర్ దగ్గర కాగితాలు అడగడం కష్టం. 'ఆయన ఏమనుకుంటారో, రేపు మళ్లీ ఆయన దగ్గరికే రావాల్సొస్తే?' అని. మా అమ్మ చెప్పిన మాటే నేనిప్పుడు అందరికీ చెప్తున్నాను: "డాక్టర్ గారూ, ఇంట్లో పెద్దవాళ్లు ఇంకొకరికి కూడా చూపించమంటున్నారండీ. ఫైలు, సీడీ ఇప్పించండి." పెద్దవాళ్ల మీద పెట్టేస్తే ఎవరికీ చిన్నతనం ఉండదు. చాలామంది డాక్టర్లు ఏమీ అనుకోరు కూడా. ఎవరైనా చిరాకు పడితే గుర్తుపెట్టుకోండి. పేషెంట్ రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని, చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు దాచాలని ఆ 2002 నిబంధనల్లోనే ఉంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో సెకండ్ ఒపీనియన్ కూడా ఒక హక్కు.

రిపోర్టు ఒక్కటే తీసుకురాకండి. రిపోర్టు అంటే ఇంకొకరు చూసి రాసిన అభిప్రాయం. మీకు కావాల్సింది చిత్రాలు. ఎక్స్‌రే అయితే ముందు నుంచి తీసినదీ, పక్క నుంచి తీసినదీ రెండూ ఉండాలి. ఎమ్మారైకి ఫిల్మ్ కంటే సీడీ గానీ లింకు గానీ మేలు. ఫిల్మ్‌లో వాళ్లు ఏరి ముద్రించిన బొమ్మలే ఉంటాయి, సీడీలో అన్నీ ఉంటాయి. ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టుకుని ఫోన్‌తో తీసిన ఫోటోలో డాక్టర్‌కి కనపడేది ట్యూబ్‌లైటే. ఇంకా, దెబ్బ ఎలా తగిలిందో రెండు వాక్యాల్లో రాసి పెట్టుకోండి: కాలు ఎటు తిరిగింది, శబ్దం వచ్చిందా, వాపు వెంటనే వచ్చిందా, మర్నాడు వచ్చిందా. మూడో డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి మనం చెప్పే కథ మారిపోతుంది. రిపోర్టులో మాటలు మన కథలోకి వచ్చేస్తాయి.

గదిలో ఏం చూడాలి

మా తమ్ముణ్ణి బల్ల మీద పడుకోబెట్టి ప్రొఫెసర్ గారు ముందు బాగున్న ఎడమ కాలు పట్టుకున్నారు. వాడు "సార్, దెబ్బ తగిలింది ఇటు" అంటే "తెలుసయ్యా, నీ మోకాలు అసలు ఎలా ఉండేదో చూడాలి కదా" అన్నారు. తర్వాత కుడి మోకాలు కొంచెం వంచి, ఒక చేత్తో తొడ గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో పిక్క పైభాగాన్ని ముందుకి లాగారు. ఎడమ కాలు లాగినప్పుడు టక్కున ఆగింది. కుడి కాలు ఆగలేదు, సొరుగు లాగినట్టు ఇంకాస్త వచ్చింది. దాన్ని లాక్‌మన్ టెస్ట్ అంటారట. పట్టుమని అర నిమిషం పట్టలేదు. మొదటి ఆసుపత్రిలో ఆ అర నిమిషం జరగలేదు. దెబ్బ తగిలిన కొత్తలో నొప్పికి కండరాలు బిగుసుకుపోయి ఈ పరీక్ష సరిగ్గా తెలీదని, వాపు తగ్గాక చేస్తే బాగా తెలుస్తుందని ఆయనే చెప్పారు. కాబట్టి మొదటి డాక్టర్ని పూర్తిగా తప్పు పట్టలేను.

ముట్టుకోకుండా ఆపరేషన్ చెప్పినవాళ్లని, ముట్టుకోకుండా వద్దన్నవాళ్లని నేను ఒకే వరసలో పెడతాను.

అడగాల్సినవి చాలా ఉంటాయి గానీ నాకు పనికొచ్చినవి ఇవి. ఆపరేషన్ చేయకపోతే ఏడాది తర్వాత ఈ కాలు ఎలా ఉంటుంది? మూడు నెలలు ఫిజియో చేసి చూస్తే ఏం నష్టం? ఏ లక్షణం కనపడితే ఇక ఆగకూడదు? మీరు ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు? "మీ ఇంట్లోవాళ్లకైతే ఏం చేస్తారు సార్" అనేది మనవాళ్లందరూ అడుగుతారు. దానికి ప్రతి డాక్టర్ దగ్గరా తయారుగా ఒక జవాబు ఉంటుంది, అందుకే నేను మానేశాను.

ఇద్దరూ చెరో మాట చెప్తే

ఇక్కడే చాలామంది కుదేలవుతారు. మూడో డాక్టర్, నాలుగో డాక్టర్, చివరికి ఎవరు గట్టిగా చెప్తే వాళ్ల మాట. అలా కాకుండా తేడా ఎక్కడుందో చూడండి. ఒకరు తెగిందనీ ఒకరు తెగలేదనీ అంటే ఒకరు పొరపడ్డారు. అప్పుడు మూడో మనిషితో చిత్రాలు చదివించాల్సిందే. కానీ ఇద్దరూ తెగిందనే చెప్పి, ఒకరు కోద్దామని, ఒకరు ఆగుదామని అంటే ఇద్దరూ సరైనవాళ్లే కావచ్చు.

ఏసీఎల్ దీనికి మంచి ఉదాహరణ. స్వీడన్‌లో ఏసీఎల్ కొత్తగా తెగిన 121 మంది యువతీయువకుల మీద చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. వెంటనే ఆపరేషన్ చేసినవాళ్లనీ, ముందు వ్యాయామాలు చేయించి అవసరమైతేనే చేసినవాళ్లనీ పోల్చారు. రెండేళ్లకి ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు, వ్యాయామాల గుంపులో సగానికి పైగా అప్పటికి ఆపరేషన్ లేకుండానే ఉన్నారు. అయిదేళ్లకి ఆ గుంపులో సుమారు సగంమంది చేయించుకున్నారు. మరి బ్రిటన్‌లో 316 మంది మీద చేసి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, దెబ్బ పాతబడి మోకాలు ఇంకా పట్టు తప్పుతున్నవాళ్లకి ఆపరేషనే మెరుగని తేలింది. రెండూ కలిపి చదివితే గొడవేం లేదు. కొత్తలో ఆగి చూడొచ్చు, ఆగాక కూడా పట్టు తప్పుతుంటే చేయించుకోవాలి. మీ ఇద్దరు డాక్టర్లలో ఒకరు మొదటి సగం, ఒకరు రెండో సగం చెప్పి ఉండొచ్చు.

నడివయసు దాటినవాళ్ల మెనిస్కస్ విషయంలో నేను ఆగమనే వాళ్ల వైపే. అమెరికాలో 50 నుంచి 90 ఏళ్ల మధ్య 991 మందికి ఎమ్మారై తీసి 2008లో ప్రచురించారు. మెనిస్కస్ చిరిగి ఉన్నవాళ్లలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో మోకాలి నొప్పే లేదు. అంటే మీ నాన్నగారు మెట్ల మీద జారితే తీసిన ఎమ్మారైలో కనపడిన చినుగు, ఆయన జారకముందు కూడా అక్కడే ఉండి ఉండొచ్చు.

ఇక మిగిలేది మీ బతుకు లెక్క. సెంట్రింగ్ పని చేసేవాడి మోకాలు పరంజా మీద పట్టు తప్పితే ప్రాణానికే ముప్పు. కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి ఆరు నెలలు ఆగడం పెద్ద విషయం కాదు. కబడ్డీ ఆడాలనుకునే పిల్లాడి లెక్క ఇంకోటి. ఈ ముగ్గురికీ ఎమ్మారై ఒకలాగే ఉండొచ్చు.

అడ్మిట్ అయిపోయి ఉంటే, కేసు నడుస్తుంటే

బెడ్ మీద ఉండగా అనుమానం వస్తే ముందు సీడీ బయటికి పంపి చూపించండి. గొడవపడి బయటికొస్తే 'లామా' అని, అంటే డాక్టర్ వద్దన్నా వెళ్లిపోయారని రాస్తారు. సంతకం పెట్టేముందు డిశ్చార్జ్ సమ్మరీ చేతికి తీసుకోండి. క్యాష్‌లెస్ అప్రూవల్ ఒకచోట తీసుకుని ఇంకోచోట చేరాలనుకుంటే మొదటిది రద్దు చేయించాలి. మేము మర్చిపోయాం, రెండు రోజులు ఫోన్ల మీద గడిచిపోయింది. సెకండ్ ఒపీనియన్ ఫీజు, ఎమ్మారై బిల్లు పారేయకండి. తర్వాత అదే దెబ్బకి అడ్మిట్ అయితే చాలా పాలసీల్లో అంతకుముందు 30 లేదా 60 రోజుల ఖర్చు కూడా ఇస్తారు.

నష్టపరిహారం కోసం వేసిన యాక్సిడెంట్ కేసు ట్రిబ్యునల్‌లో ఉంటే ఇంకో సంగతి. వైద్యం కోసం తీసుకునే అభిప్రాయం వేరు, అంగవైకల్యం ఎంత శాతం అని రాయించే సర్టిఫికెట్ వేరు. వైద్యం చేయని డాక్టర్లు అడగ్గానే రాసిచ్చే రెడీమేడ్ సర్టిఫికెట్లని జాగ్రత్తగా చూడాలని సుప్రీంకోర్టు రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ కేసులో ట్రిబ్యునళ్లకి చెప్పింది. ఒంటికి ఎంత శాతం వైకల్యమన్నదే కాదు, దానివల్ల సంపాదన ఎంత దెబ్బతిందో చూడాలని కూడా అదే తీర్పులో ఉంది. కాబట్టి మీ మొదటి డాక్టర్‌తో తెగతెంపులు చేసుకోకండి, రేపు సాక్ష్యానికి ఆయనే రావాల్సొస్తుంది.

మా తమ్ముడి సంగతి అడుగుతారు కదా. ప్రొఫెసర్ గారు చెప్పింది ఇది: ఏసీఎల్ తెగిన మాట నిజం, మెనిస్కస్ జోలికి పోనక్కర్లేదు, ముందు వాపు తగ్గి కాలు పూర్తిగా చాపడం రావాలి, ఆ తర్వాత మోకాలే చెప్తుంది. దసరా దాకా ఫిజియో చేశాడు. బాగానే నడిచాడు. దీపావళి తర్వాత మెట్లు దిగుతూ ఒకసారి, షటిల్ ఆడదామని దిగి ఇంకోసారి మోకాలు పక్కకి పోయింది. సంక్రాంతి వెళ్లాక ఆపరేషన్ చేయించుకున్నాడు. ఎక్కడ అంటే, తిరిగి తిరిగి మొదటి డాక్టర్ దగ్గరే. ఆయన చెయ్యి మంచిదని ప్రొఫెసర్ గారే చెప్పారు. ఈసారి కౌన్సెలర్ అమ్మాయి "స్లాట్ ఎప్పుడు కావాలండీ?" అని అడిగింది. వాడు క్యాలెండర్ చూసుకుని, "వచ్చే గురువారం" అన్నాడు.